పిండి మిల్లు మీద ప్రశ్న

ఉమాదేవి ఎమ్మెల్యే అయి రెండేళ్ళు దాటినా తెల్లగుట్టపల్లెలో ఆమెను మేడమ్ అని పిలిచేవాళ్ళు లేరు. అక్కడ ఆమె నర్సమ్మే. పద్నాలుగేళ్ళు ఆ ఊరి సబ్‌సెంటర్లో ఏఎన్ఎంగా పనిచేసింది. పిల్లలకు సూదులు వేసింది, కాన్పులకు ఆటోలో వెంట వెళ్ళింది, క్షయ రోగుల ఇళ్ళకు పోయి ఎదురుగా నిలబడి మాత్రలు మింగించింది. రిజర్వుడు సీటుకు చదువుకున్న ఆడమనిషి కావాలని పార్టీ వెతుకుతున్నప్పుడు ఎవరో ఆమె పేరు చెప్పారు. ఉద్యోగానికి రాజీనామా చేసి నిలబడింది. గెలుస్తానని తనకే నమ్మకం లేని ఎన్నికలో గెలిచింది.

ఆ ఫిబ్రవరిలో తిప్పేష్ చనిపోయాడని తెలిసి ఆమె ఊరికి వెళ్ళింది. ముప్పై నాలుగేళ్ళవాడు. ఊరికి పడమరగా ఉన్న పిండి మిల్లులో పదకొండేళ్ళు పనిచేశాడు. పిండి మిల్లంటే రాగులు, జొన్నలు ఆడించేది కాదు. గుట్టల్లోంచి పలుగురాయి తవ్వి తెచ్చి, మైదా కంటే మెత్తగా పొడి కొట్టి, సంచుల్లో నింపి గాజు ఫ్యాక్టరీలకు పంపే మిల్లు. వరసగా వానలు ఎగ్గొట్టి వేరుశెనగ పూతలోనే మాడిపోతుంటే, ఏడాది పొడవునా పని దొరికే చోటు ఆ ఊరి మగవాళ్ళకు అదొక్కటే. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కనురెప్పల మీద కూడా తెల్లగా పొడి ఉండేది.

తిప్పేష్ తల్లి నాగలక్ష్మమ్మ గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. బయట పందిరి కింద మంచం మీద రెండో కొడుకు ఓబిలేష్ ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చున్నాడు. ఇరవై ఐదేళ్ళు. వాడూ అదే మిల్లులో ఆరేళ్ళుగా పని. ఉమాదేవి వచ్చి పక్కన కూర్చునేసరికి లేవబోయి, దగ్గు వచ్చి మళ్ళీ కూలబడ్డాడు.

"నర్సమ్మా, ఒకటడుగుతా. దాచకుండా చెప్తావా?"

"అడుగప్పా."

"మా అన్నకు రెండు కోర్సులు నువ్వే మింగిచ్చినావు. ఒక్క పూట గూడా ఎగ్గొట్టలేదు వాడు. అయినా పోయినాడు. మూన్నెల్ల కింద నాకూ టీబీ కార్డు రాసినారు. అవే మాత్రలు. నాకూ అంతేనా?"

క్షయ అయితే తగ్గుతుందప్పా, ధైర్యంగా మింగు, అని చెప్పడం ఆమెకు అలవాటు. పద్నాలుగేళ్ళలో కొన్ని వందల సార్లు చెప్పిన మాట. ఈసారి ఆ మాటకు బదులు, అనంతపురంలో పెద్ద డాక్టరుకు చూపిద్దామప్పా, అంది.

ఎందుకంటే ఆమెకు తెలుసు. పూర్తిగా కాకపోయినా తెలుసు. క్షయ ఇంట్లో ఒకరికి వస్తే పక్కన పడుకునే భార్యకూ, ఒళ్ళో ఆడుకునే పిల్లకూ అంటుకుంటుంది. తెల్లగుట్టపల్లెలో అలా జరగలేదు. మిల్లుకు పోయే మగవాళ్ళే దగ్గేవాళ్ళు, వాళ్ళే చిక్కిపోయేవాళ్ళు, వాళ్ళే పోయేవాళ్ళు. కళ్ళె పరీక్షలో ఏమీ కనిపించేది కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు ధైర్యం చేసి అప్పటి ప్రభుత్వ డాక్టరుకు ఈ సంగతి చెప్పింది. ఆయన కార్డు మీద నుంచి తల ఎత్తకుండానే, "ఇందులో ఏ గడి ఉంటే అది నింపమ్మా, కొత్త రోగాలు కనిపెట్టడం నీ పని కాదు" అన్నాడు. ఆమె కార్డు నింపింది. సంతకం చేసింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు.

మరుసటి వారం ఓబిలేష్‌ను తన కారులోనే అనంతపురం తీసుకుపోయింది. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు శశి అనే ఆమె ఉంది. చిన్న వయసు, మాటలు తక్కువ. ఎక్స్‌రే తీయించి, వెలుగు పెట్టె మీద ఫిలిం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఈ ఊపిరితిత్తుల్లో ఉండేది క్రిమి కాదు మేడమ్. రాయి. పీల్చిన పొడి లోపల గడ్డకట్టింది. దీన్ని సిలికోసిస్ అంటారు."

"మందు?"

"లేదు. మిల్లు మానేస్తే కొంచెం నెమ్మదిస్తుందేమో. ఇతనికి అది కూడా చెప్పలేను. చాలా ముదిరింది." ఆమె ఫిలిం తీసి కవర్లో పెట్టింది. "ఆ ఊరి నుంచి ఇంతకు ముందు ఇద్దరు వచ్చారు. ఇద్దరి దగ్గరా క్షయ కార్డులే ఉన్నాయి. ఎవరు రాస్తున్నారో అవి."

ఉమాదేవి కవరు అందుకుంది. "నేనే రాసినాను" అంది.

డాక్టరు తలుపు తీసి పట్టుకుంది.

వరండాలో బల్ల మీద ఓబిలేష్ ఎదురు చూస్తున్నాడు. దాచకుండా చెప్తానని మాట ఇవ్వలేదు గానీ, ఆమె ఏదీ దాచలేదు. అతను నేల చూస్తూ విన్నాడు.

"అట్లయితే మా అన్నకు ఆ మాత్రలన్నీ ఊరికే మింగిచ్చినట్లే."

"ఊరికేనప్పా."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇది ఇంకొకరికి అంటేది కాదు కదా?"

"కాదు."

"టీబీ అన్నారని మూన్నెల్ల నుంచి నా అన్నం తట్ట వేరే పెట్టించినా. పాపను దగ్గరికి రానియ్యలేదు నర్సమ్మా. అది ఏడుస్తాంటే గూడా తలుపు మూసుకుంటి. ఇంక ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకో" అని ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

శాసనసభ సమావేశాలకు మూడు వారాల టైముంది. ఉమాదేవి నక్షత్ర గుర్తు ప్రశ్న ఇచ్చింది. అలాంటి ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద మళ్ళీ ప్రశ్నలడిగితే వాటికీ చెప్పాలి. ఆమె ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. తెల్లగుట్టపల్లె పలుగురాయి మిల్లులో పనిచేసేవాళ్ళు సిలికోసిస్‌తో చనిపోతున్న మాట వాస్తవమేనా? అయితే ఎంతమంది? మిల్లులో దుమ్మును చివరిసారి ఎప్పుడు కొలిచారు?

సభలో అడగాల్సిన ప్రశ్నలకు తీసే లాటరీలో తన ప్రశ్న వచ్చిందని తెలిసిన రోజే పార్టీ విప్ చౌడప్ప కబురు పెట్టాడు. పక్క నియోజకవర్గం ఆయనది, నాలుగుసార్లు గెలిచిన మనిషి. శాసనసభ ఉండే వెలగపూడిలో తన గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు.

"ఏమమ్మా, మన ప్రభుత్వాన్ని మనమే నిలదీస్తే ఎదుటోళ్ళకు పనేముంటాది?"

"నిలదీయల్ల అని కాదన్నా. జనం సచ్చిపోతాండారు."

"సచ్చిపోతాండేది నాకు తెలీదా? మా తట్టు కూడా ఉండాయి మిల్లులు. మంత్రి దగ్గరికి ఇద్దరం పోదాం, ఒక అర్జీ ఇద్దాం, ఆయన రాసిస్తాడు. సభలో ఎందుకు?"

"అర్జీ ఇస్తే ఏమయితాదో నీకు తెలుసు కదన్నా."

చౌడప్ప కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "మిల్లు ఓనరు లింగన్న. నీ ఎలక్షన్లో నీ ఎనకాల తిరిగిన జీపులు ఎవరివి? ఆయప్పవి. అది మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. ఆ జీపుల్లో ఒకదాని మీద నిలబడి, తెల్లగుట్టపల్లె నడివీధిలో దండం పెడుతూ ఓట్లడిగింది. ఆ రోజు మిల్లు వాళ్ళంతా వచ్చి పూలు చల్లారు. తిప్పేష్ కూడా ఉన్నాడు.

"మర్చిపోలేదన్నా. అందుకే ఎక్కువ సిగ్గుగా ఉండాది" అంది.

"సిగ్గుపడితే ఇంట్లో పడమ్మా, సభలో కాదు" అన్నాడాయన. ఆమె లేచి వచ్చేసింది.

ప్రశ్న వచ్చిన రోజు ఆమెకు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. జవాబు పత్రం సభలోకి వెళ్ళాకే చేతికొచ్చింది. మూడు ప్రశ్నలకు మూడు వరసలు. మొదటిదానికి: లేదండి. రెండోదానికి: ప్రశ్న ఉత్పన్నం కాదండి. మూడోదానికి ఒక తేదీ ఇచ్చి, ఆ రోజు మిల్లు నడుస్తుండగా తనిఖీ చేశామని, దుమ్ము పరిమితికి లోబడే ఉందని రాశారు.

ఆమె ఆ తేదీని రెండుసార్లు చదివింది. మూడోసారి చదివి, పత్రం మడిచి చేతిలో పట్టుకుంది.

స్పీకరు పేరు పిలవగానే లేచింది. ఎదురుగా కార్మిక మంత్రి జవాబు చదివి కూర్చున్నాడు. పొందికైన మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు. అనుబంధ ప్రశ్న అడగమన్నారు.

"అధ్యక్షా, మంత్రిగారు చెప్పిన తేదీన మిల్లు నడుస్తాండగా తనిఖీ చేసినామని ఉంది. ఆ రోజు మిల్లు నడిచిందని వారు ఖాయంగా చెప్పగలరా?"

మంత్రి లేచాడు. "అధికారి నివేదికలో స్పష్టంగా ఉంది అధ్యక్షా. యంత్రాలు నడుస్తుండగానే కొలతలు తీసుకున్నారు."

"అధ్యక్షా, ఆ రోజు పోలింగు. నేను పోటీ చేసిన ఎన్నిక. మిల్లుకు సెలవిచ్చినారు. తెల్లగుట్టపల్లె బడిలో పొద్దున ఏడు గంటల నుంచి క్యూలో నిలబడింది ఆ మిల్లు మనుషులే. నేను వాళ్ళకు దండం పెట్టినాను. యంత్రాలు నడిపింది ఎవరో, దుమ్ము కొలిచింది యాడనో మంత్రిగారు చెప్పల్ల."

ప్రతిపక్షం వైపు బల్లలు మోగాయి. ఆమె వెనక వరసలో ఎవరో "కూర్చోమ్మా" అని గొణిగారు. మంత్రి అధికారులు కూర్చునే గది వైపు చూశాడు. అక్కడ ఒకాయన ఫైల్లో వేగంగా ఏదో వెతుకుతున్నాడు. తేదీలో అచ్చు పొరపాటు ఉండవచ్చు, సరిచూసి చెబుతాం, అన్నాడు మంత్రి.

"అచ్చు తప్పయితే అసలు తేదీ ఏదధ్యక్షా? తనిఖీకి పోయిన ఆఫీసరు పేరేంది? ఆయన మిల్లు లోపలికి పోయినాడా, గేటు దగ్గరే కాఫీ తాగి వచ్చినాడా? ఈ మూడింటికి జవాబు కావాల."

ఈ లోపల అధికారుల గదిలోంచి ఒక లావుపాటి కవరు మంత్రి చేతికి వచ్చింది. దాన్ని తెరిచి చూశాక ఆయన మొహంలో తేలిక కనిపించింది. తీరుబడిగా లేచాడు.

"అధ్యక్షా, గౌరవ సభ్యురాలు మా పార్టీ వారే. వారి ఆవేదన మాకు అర్థమవుతుంది. కానీ ప్రభుత్వం ఆవేదనతో నడవదు, రికార్డులతో నడుస్తుంది. ఆ గ్రామంలో చనిపోయిన పందొమ్మిది మంది చికిత్స కార్డులు నా దగ్గర ఉన్నాయి. అన్నింటి మీదా రోగం క్షయ అని ఉంది. సిలికోసిస్ అన్న మాట ఒక్కదాని మీదా లేదు. ఇక ఈ కార్డులన్నింటి మీదా ఒకే సంతకం ఉంది." ఆయన ఒక కార్డు పైకెత్తి చూపించాడు. "ఆ సంతకం గౌరవ సభ్యురాలిదే. అప్పుడు ఆమె రాసింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? సభకు వారే చెప్పాలి."

తమ పార్టీ వాళ్ళు కొందరు నవ్వారు. ఇందాక బల్లలు కొట్టిన ప్రతిపక్షం కూడా ఆగి ఆమె వైపు చూసింది.

ఈ కార్డులు బయటికి వస్తాయని ఆమె అనుకోలేదు. అనుకుని ఉంటే ప్రశ్న ఇచ్చేదా, ఇచ్చేది కాదా, ఆమె తర్వాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. అప్పుడు మాత్రం ముందు బల్లను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"అప్పుడు రాసింది అబద్ధం అధ్యక్షా."

మంత్రి పైకెత్తిన కార్డును కిందికి దించాడు.

"ఆ సంతకాలు నావే. పందొమ్మిదీ నావే. మిల్లుకు పోయే మగోళ్ళకు తప్ప వాళ్ళ ఆడోళ్ళకు, పిల్లలకు రాని రోగం అది. క్షయ కాదని నాకు తొమ్మిదేండ్ల కిందనే అనుమానం వచ్చింది. ఒకసారి నోరు తెరిచి చెప్పినాను. గడిలో ఉండేది రాయమన్నారు. ఉద్యోగం పోతాదని భయపడి రాసినాను. ఆ తర్వాత పద్నాలుగు మంది పోయినారు. నా చేత్తోనే వాళ్ళకు పనికిరాని మాత్రలు మింగిచ్చినాను. దానికి ఏ శిక్ష వేసినా పడతాను."

స్పీకరు గంట కొట్టాడు. ఆమె ఆగలేదు.

"మంత్రిగారు నా తప్పు నాకు చూపించినారు. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు వారి వంతు అధ్యక్షా. పోలింగు రోజు మిల్లు నడిచిందని రాసిన ఆఫీసరు రాత కూడా అబద్ధమే. ఒప్పుకుంటారా? ఇంకా ఆ మిల్లులో ఎనభై మంది పనిచేస్తాండారు. వాళ్ళ ఛాతీలకు ఎక్స్‌రేలు తీయిస్తారా, తీయించరా? అది చెప్పి కూర్చోమనండి—"

మైకు ఆగిపోయింది. ఆమె మాటలు మొదటి రెండు వరసల దాకే వినిపించాయి. ప్రతిపక్షం లేచి అరవడం మొదలుపెట్టింది. అందులో సగం మంత్రి మీద, సగం ఆమె మీద. ఆ గొడవలోనే స్పీకరు, ప్రశ్నను వాయిదా వేస్తున్నామని, ఆ గ్రామంలో వైద్య శిబిరం పెట్టి వచ్చే సమావేశాల్లో పూర్తి సమాచారంతో రావాలని మంత్రికి చెప్పి, తర్వాతి ప్రశ్న పిలిచాడు.

లాబీలో చౌడప్ప ఎదురయ్యాడు. కోపంగా లేడు. "మంత్రికి నీ చేత్తోనే కత్తి ఇస్తివి కదమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి టీవీల్లో ఆమె మొహమే. పోలింగు రోజు సంగతి ఎవరికీ పట్టలేదు. తప్పుడు మందులిచ్చిన మాజీ నర్సు, అంతే. ప్రతిపక్షం ఆమె మీద కేసు పెట్టమంది. తన పార్టీ వారంలోపల సంజాయిషీ ఇమ్మని నోటీసు పంపింది. ఆమె పనిచేసిన వైద్య శాఖ విచారణ మొదలుపెట్టింది. ఆమె అన్నింటికీ ఒకే జవాబు రాసింది: రాసింది నేనే, తప్పు నాదే, ఆ తప్పును నాకు నేర్పినవాళ్ళను కూడా పిలవండి. ఎవరినీ పిలవలేదు.

తెల్లగుట్టపల్లెకు వెళ్ళేసరికి మిల్లు గేటుకు తాళం ఉంది. మరమ్మతుల కోసం మూసినట్లు బోర్డు పెట్టారు. ఆమె కారు దిగగానే మగవాళ్ళు చుట్టూ చేరారు. కుళ్ళాయప్ప అని, మిల్లులో సంచులు కుట్టే మనిషి, ముందుకొచ్చాడు.

"నర్సమ్మా, నువ్వు ఆడ మాట్లాడితివి, ఈడ మా పొయ్యి ఆరిపాయ. మేమేమన్నా నిన్ను అడిగినామా మాట్లాడమని?"

"అన్నా, ఆ పొడి పీలిస్తే—"

"పీలిస్తే పదేండ్లకు సస్తాం. పీల్చకపోతే ఈ ఎండాకాలమే సస్తాం. యాడుండాది పని? చేన్లో గడ్డి గూడా లేదు. బోర్లో గాలి వస్తాంది. చెప్పు, యాడికి పోవల్ల?"

ఉపాధి పనుల కోసం కలెక్టరుతో మాట్లాడతానంది. ఆ మాట అంటుంటే తనకే పేలవంగా వినిపించింది. ఎవరో వెనక నుంచి మట్టిపెళ్ళ విసిరారు. అది కారు తలుపుకు తగిలి పొడిపొడి అయింది. విసిరింది ఎవరో చూడటానికి ఆమె తల తిప్పలేదు.

వైద్య శిబిరం ఏప్రిల్లో వచ్చింది. ఎక్స్‌రే యంత్రం ఉన్న వ్యాను బడి ముందు రెండు రోజులు ఉంటుందన్నారు. మొదటి రోజు సాయంత్రం దాకా నలుగురే వచ్చారు. ఎవరి ఛాతీలో మచ్చ ఉందని తేలితే వాళ్ళను ఇంకెప్పుడూ పనిలోకి తీసుకోరని లింగన్న మనుషులు ఇంటింటికీ చెప్పి పోయారు. వ్యానులోని టెక్నీషియను ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. రేపు మధ్యాహ్నమే సర్దుకుని పోతామన్నాడు.

ఆ మాట ఓబిలేష్ విన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే, మంచం మోసుకొచ్చి బడి ముందు వేయమని భార్య సునందను అడిగాడు. అప్పటికి అతను పది అడుగులు వేస్తే ఆగాల్సి వస్తోంది. ఆ మంచం మీద కూర్చుని, వీధిలో పోయే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. గొంతు పెగలనప్పుడు చెయ్యి ఊపాడు. దగ్గరికి వచ్చినవాళ్ళకు చొక్కా గుండీలు విప్పి, ఎగిరెగిరి పడుతున్న డొక్కలు చూపించాడు.

కుళ్ళాయప్ప కూడా వచ్చి నిలబడ్డాడు. "ఓబిలేషూ, తెలుసుకుని ఏం చేస్తామప్పా? మందు లేదంటివి కదా."

"మందు లేదు మామా. మా అన్న నాలుగేండ్లు తట్ట వేరే, పడక వేరే పెట్టుకుని, సొంత ఇంట్లో అంటరానోని మాదిరి సచ్చినాడు. నువ్వట్ల సావద్దు. మీ పిల్లోళ్ళను మిల్లుకు పంపొద్దు. అంతే. పోయి తీయించుకో పో."

కుళ్ళాయప్ప అతని డొక్కల వైపు చూశాడు. తర్వాత చొక్కా విప్పి భుజాన వేసుకుని వ్యాను ఎక్కాడు. అతని వెనక ఇంకొకడు. మధ్యాహ్నానికి క్యూ బడి గోడ దాటింది. వ్యాను వాళ్ళు ఆ రోజు పొద్దుగూకేదాకా ఉండాల్సి వచ్చింది. ఉమాదేవి బడి అరుగు మీద కూర్చుని పేర్లు రాసుకుంది. ఓబిలేష్ ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, "నర్సమ్మా, కుళ్ళాయప్ప మామ ఇంటి పేరు తప్పు రాయొద్దు" అన్నాడు.

ఓబిలేష్‌తో కలిపి నలభై ఏడు మంది తీయించుకున్నారు. ఇరవై తొమ్మిది మంది ఛాతీల్లో రాయి ఉంది. అందులో కుళ్ళాయప్ప ఒకడు.

జూలైలో ఓబిలేష్ పోయాడు. చివరి పదిహేను రోజులు పడుకోలేకపోయాడు. గోడకు దిండు పెట్టి కూర్చునే ఉన్నాడు, కూతురు అతని తొడ మీద నిద్రపోతుండేది. ఉమాదేవి వెళ్ళినప్పుడు నాగలక్ష్మమ్మ ఈసారి గడప దగ్గరే ఆపింది.

"రావద్దమ్మా లోపలికి."

ఉమాదేవి ఆగింది.

"సభలో నిజం చెప్పినావంట. అందరూ అంటాండారు, ధైర్యం గల ఆడది అని. ఆ ధైర్యం తొమ్మిదేండ్ల ముందు యాడికి పోయింది? నా పెద్దోడు అప్పటికే మిల్లులో ఉండె, వాని మాట ఇడిసిపెట్టు. చిన్నోడు అప్పటికింకా ఇస్కూల్లో ఉన్నాడు. నువ్వు ఆ రోజు ఒక్క మాట నాతో చెప్పింటే, వాణ్ణి గొర్రెల ఎనకాల పంపిస్తాంటి గానీ ఆడికి పంపిస్తాంటినా?"

"పంపేదానివి కాదమ్మా" అంది ఉమాదేవి.

"పో."

ఆమె వెళ్ళిపోయింది. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదని ఆమెకు తెలుసు.

సెప్టెంబరు సమావేశాల్లో వాయిదా పడిన ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఎక్స్‌రేల నివేదిక బయటికి వచ్చాక మంత్రికి దారి లేకపోయింది. మొదటి భాగానికి లేచి, "అవునండి" అన్నాడు. రెండోదానికి, ప్రస్తుతం ఇరవై తొమ్మిది మంది అని చదివాడు. చనిపోయినవాళ్ళ సంగతేమిటని ఆమె అడిగింది. వారి రికార్డుల్లో క్షయ అని ఉన్నందున వారిని లెక్కలోకి తీసుకోలేమన్నాడు. ఆ రికార్డు తప్పని, రాసిన మనిషిని నేనే ఇక్కడ నిలబడి చెబుతున్నా కదా అని ఆమె అంది. చనిపోయినవారిని మళ్ళీ పరీక్షించే వీలు లేదు కదా, అన్నాడాయన మర్యాదగా. ఓబిలేష్ సంగతి అడిగింది. అతని ఎక్స్‌రే ఉంది కాబట్టి అతను ఇరవై తొమ్మిదిలో ఉన్నాడు. కానీ జాబితాలో ఇంకా బతికి ఉన్నవాడిగానే ఉన్నాడు.

తనిఖీ అధికారి గురించి అడిగిన ప్రశ్నకు, పరిశీలనలో ఉందండి, అన్నారు. ఈసారి మైకు ఎవరూ ఆపలేదు. అప్పటికే సభలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె పత్రం మీద తారీఖు వేసుకుని, వచ్చే సమావేశాలకు మళ్ళీ అదే ప్రశ్న ఇచ్చింది. అధికారి పేరుతో సహా.

లింగన్న మిల్లు తాళం ఇక తీయలేదు. ఆ సంగతి ఆమెకు కొంత ఊరటగా ఉండేది. ఆ ఊరట దసరా దాకానే నిలిచింది.

దసరా తర్వాత ఒక పొద్దున, ఉపాధి పనులు చూడటానికి ఆమె పడమటి రోడ్డు మీదుగా తెల్లగుట్టపల్లెకు వస్తుంటే ఎదురుగా ఒక జీపు వచ్చింది. వెనక తెరిచి ఉన్న చోట పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు, కొందరు ఆడవాళ్ళు కూడా. రోడ్డు ఇరుకు కావడంతో రెండు బళ్ళూ ఆగాయి. కుళ్ళాయప్ప దిగి వచ్చాడు. ఇంకా చిక్కిపోయాడు.

"యాడికన్నా ఇంతమంది?"

"కర్ణాటక తట్టు నర్సమ్మా. ఈడికి పద్దెనిమిది మైళ్ళు. లింగన్న అక్కడ పెట్టినాడు మిల్లు. ఆ ఊరోళ్ళు ఆ పని చెయ్యం అన్నారంట, అందుకని మమ్మల్నే రమ్మంటాండాడు. ఛాతీలో మచ్చ తేలిన మా అసుమంటోళ్ళను లోపలికి రానియ్యరు, నేను బయట సంచులు కుడతా. ఆడోళ్ళను తీసుకుంటాండారు ఇప్పుడు. మగోళ్ళు తక్కువైరి కదా."

ఉమాదేవి జీపు వెనక్కి నడిచింది. ఆడవాళ్ళ మధ్య సునంద ఉంది. ముక్కుకూ నోటికీ పాత చీర పేలిక కట్టుకుని ఉంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నువ్వు కూడా పోతాండావా సునందా?"

"పాపకు అన్నం పెట్టల్ల కదక్కా."

"నీకు తెలుసు కదా అది ఏం చేస్తాదో."

"నాకు తెలవనిదా?" అంది సునంద. ఆమె గొంతులో కోపం లేదు, వేడుకోలు కూడా లేదు. "నువ్వు అడగల్లంటే ఆడ అడగక్కా. అక్కడ నీకు సభ లేదంటాండారు కుళ్ళాయప్ప మామోళ్ళు. నిజమేనా?"

"నిజమే. అది వేరే రాష్ట్రం."

డ్రైవరు హారన్ కొట్టాడు. పొద్దెక్కితే షిఫ్టు పోతుందని ఎవరో అన్నారు. ఉమాదేవి తన కారు దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం కలెక్టరాఫీసులో మీటింగు ఉందని గుర్తుచేస్తున్న డ్రైవరుకు, నువ్వు అనంతపురం పో, నేను రాలేనని చెప్పు, అంది. సంచిలోంచి శిబిరంలో పేర్లు రాసుకున్న నోటుబుక్కు, పెన్ను తీసుకుని వెనక్కి వచ్చింది. జీపు వెనక కడ్డీ పట్టుకుని ఒక కాలు పైన పెట్టింది. నిలబడినవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చెయ్యి అందించినవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. సునంద కొంచెం పక్కకు జరిగింది.

జీపు కదిలింది. మూసిన మిల్లు పక్కనుంచి, ఎండిన వేరుశెనగ చేల మధ్య, పడమటికి పోయింది.